తల వంచిన సైనికుడు

బొబ్బిలి, భీమునిపట్నము, శ్రీకాకుళము ప్రాంతముల సంఘములవారికి నోవా స్కోషియా అను పేరు క్రొత్తది కాదు. అది కెనడా దేశపు తూర్పు తీరమందు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాష్ట్రము. 1875లో మన తెలుగు తీరమునకు వచ్చిన బాప్టిస్టు మిషనెరీలు ఆ రాష్ట్రమునుండియు, దాని ప్రక్క రాష్ట్రములనుండియు బయలుదేరినవారే. వారు మన యూళ్లలో కట్టిన గుళ్లను, బడులను, ఆసుపత్రులను మనమెరుగుదుము. వారి యూళ్ల నడుమ నిలిచియున్న యుద్ధ జ్ఞాపక స్తంభములను మాత్రము మనలో చాలమంది ఎరుగము. వాటిలో ఒకదానిని గూర్చి ఈ మాసము మీతో మాటలాడగోరుచున్నాను. మెచ్చుకొనవలసినచోట మెచ్చుకొందును, అడుగవలసినచోట అడుగుదును.

పిక్టో కౌంటీలో వెస్ట్‌విల్ అను చిన్న పట్టణము గలదు. జనసంఖ్య నాలుగువేలకు లోపే. బొగ్గు గనులచేత పుట్టిన ఊరు అది. 1873లో అక్కడి డ్రమ్మండ్ గనిలో ప్రేలుడు సంభవించి అరువదిమందికి తక్కువ కాకుండ మరణించిరి. ప్రొద్దున ఇల్లు విడిచి భూమిలోనికి దిగినవాడు సాయంకాలము రాకపోవుట యనునది ఆ ఊరి తల్లులకు యుద్ధమునకు ముందే తెలిసియుండెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. అప్పటికి కెనడా దేశమంతటికిని ఎనుబది లక్షల జనము లేరు. అందులో ఆరు లక్షలకు పైగా సైన్యములో చేరగా 60,000కు మించి చనిపోయిరి. ఈ లెక్కను దేశమంతటికి పరచి చూచినయెడల పెద్దదిగా తోచదేమో. ఒక గని యూరికి, ఒకే వీధికి, ఒకే గుడి బల్లలకు పంచి చూడుడి.

చనిపోయినవారి శరీరములు స్వదేశమునకు తేబడలేదు. ధనవంతుని కుమారుని శవమును ఓడమీద తెప్పించుకొని, పేదవాని కుమారుని అక్కడనే విడిచిపెట్టుట తగదని ఆనాటి ప్రభుత్వములు నిర్ణయించెను. అధికారికిని, సామాన్య సైనికునికిని ఒకే కొలత గల సమాధి రాయి నిలిపిరి. న్యాయమైన పనియే. కాని వెస్ట్‌విల్ తల్లికి దానివలన ఏమి మిగిలినది? కుమారుడు ఫ్రాన్సు దేశపు మట్టిలో నున్నాడు. ఆమె జీవితకాలములో అక్కడికి పోలేదు, పోజాలదు. ఆదివారమున పూలు పెట్టుటకు, కూర్చుండి ఏడ్చుటకు ఆమెకొక స్థలము లేదు. కనుకనే ఆ దేశములో ప్రతి చిన్న యూరును తన నడుమ ఒక రాతిని నిలుపుకొన్నది. ఆ స్తంభమునకు వారి భాషలో సెనొటాఫ్ అని పేరు. అది గ్రీకు మాట. దాని యర్థము ఖాళీ సమాధి.

ఈ మాట వినగానే క్రైస్తవుడు ఉలికిపడును. మనకు ఖాళీ సమాధి ఒక్కటే. ఆదివారము తెల్లవారుచుండగా స్త్రీలు చూచినది. అది ఖాళీయగుటకు కారణము ప్రభువు లేచుట. ఇది ఖాళీయగుటకు కారణము శరీరము మరియొకచోట నుండుట. రెంటిని కలుపరాదు. అయినను విమి కొండపై కెనడా సైనికులు పోరాడిన దినము, 1917 ఏప్రిల్ 9, ఈస్టరు మరునాటి సోమవారమని గుర్తుంచుకొనుడి. నాలుగు దినములలో 3,598మంది కెనడా వారు అక్కడ చనిపోయిరి. ముందునాడు పునరుత్థాన కీర్తనలు పాడిన గుళ్లకు కొలది దినములలో తంతి వార్తలు వచ్చెను.

ఇప్పుడు ఆ ప్రతిమను చూతము. వెస్ట్‌విల్ వారు 1921లో నిలిపినది ఒక సాధారణ సైనికుని రూపము. అతడు తుపాకి ఎత్తి ముందుకు దూకుట లేదు, జయము పొందినవానివలె చేయి ఆకాశమునకు చాపుట లేదు. నిలువబడి, తల వంచి, తన పాదములయొద్ద నున్న తోటి సైనికుని సమాధిని, దానిమీది చిన్న సిలువను చూచుచున్నాడు. అంతే. ఆ యుద్ధము తరువాత అనేక పట్టణములు జయఘోష చేయు ప్రతిమలను కోరి తెప్పించుకొన్నవి. రెక్కలు గల విజయ దేవతలను నిలిపినవారును గలరు. గని కూలీల యూరు మాత్రము దుఃఖమును కోరుకొన్నది. ఈ రూపము జనుల హృదయములకు ఎంతగా తగిలినదనగా, పడమటనున్న ఫెర్నీ అను మరియొక గని పట్టణము మొదలు ఒంటారియోలోని లిండ్సే వరకు పలు ఊళ్లవారు దీనివంటిదే తమకును కావలెననిరి.

ప్రతిమయొద్ద పూలదండలుంచి తల వంచి నిలుచుట విగ్రహారాధన కాదా యని మీలో కొందరడుగుదురు. మన గ్రామములలో పోతురాజు రాతిని, వీరగల్లును విడిచి వచ్చిన కుటుంబములవారికి ఆ ప్రశ్న తప్పక రావలెను. నా తలంపు చెప్పుదును. ఆ సైనికుడు నమస్కారము నందుకొనుట లేదు, తానే తల వంచియున్నాడు. జనులును అతడును ఒకే వైపు చూచుచున్నారు. ఎదుటనున్నవాడే తల వంచుకొని నిలిచినప్పుడు, అతనికి మ్రొక్కవలెనను తలంపు చూపరికి పుట్టుట కష్టము. రెక్కల దేవతను గూర్చి నేనీ మాట చెప్పజాలను.

యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయములో యొర్దానునుండి తీసిన పండ్రెండు రాళ్లను గూర్చి చదువుదుము. పిల్లలు చూచి, ఇవి యేల అని తండ్రులనడుగుటకే ఆ రాళ్లు నిలుపబడెను. అబ్షాలోము మాత్రము కుమారుడు లేడని తన పేరట తానే స్తంభమును నిలువబెట్టుకొనెను. దానిని గూర్చి ఏ పిల్లవాడును ఏమియు అడుగనక్కరలేదు. పేరు తెలిసినయెడల సంగతి తెలిసినట్లే. వెస్ట్‌విల్ సైనికుడు మొదటి జాతికి చెందినవాడు. ఇతడేల తల వంచెను, ఆ సమాధి ఎవరిది, ఎవరు చంపిరి, ఏల చంపిరి అని పిల్లవాడు అడుగగలడు. జవాబు చెప్పుట పెద్దలకు సులభము కాదు.

నవంబరు 11వ తేదీ పగలు 11 గంటలకు ఊరివారు ఈ స్తంభములయొద్ద కూడుదురు. 1918లో యుద్ధమాగిన గడియ అది. కొంతకాలము ఈ జ్ఞాపకమును పంట కృతజ్ఞతా పండుగతో కలిపి ఆచరించిరి. విందును దుఃఖమును ఒకే దినమున ఇముడలేదు. 1931లో చట్టముచేత వేరుచేసిరి. బాకా ఊదుదురు, రెండు నిమిషములు మౌనముగా నిలుతురు, పేర్లు చదువుదురు. 1939నుండి 1945వరకు జరిగిన యుద్ధములో చనిపోయిన 45,000మందిలో ఊరివారి పేర్లను అదే రాతిమీద క్రింద చెక్కిరి. కొరియాలో చనిపోయినవారు 516మంది, అఫ్గానిస్థాన్‌లో 158మంది. వారి యూళ్లవారు వారికిని చోటు వెదకవలసివచ్చెను. మొదటి రాతిని నిలిపినవారు క్రింద ఖాళీ విడువవలెనని తలంచియుండరు.

ఆ దినమున ప్రతివాని రొమ్ముమీద ఎర్రని గసగసాల పువ్వు నుండును. దానికి మూలము జాన్ మెక్రే అను సైనిక వైద్యుని పద్యము. ఒంటారియోలోని గ్వెల్ఫ్ పట్టణస్థుడు, ప్రెస్బిటేరియను కుటుంబమువాడు. 1915 మే నెలలో బెల్జియము యుద్ధభూమిలో తన స్నేహితుని పాతిపెట్టిన తరువాత దానిని వ్రాసెను. 1918 జనవరిలో తానును ఫ్రాన్సులోని సైనిక ఆసుపత్రిలో జబ్బుతో చనిపోయెను. బడిపిల్లలు దానిని కంఠస్థము చేయుదురు, సభలలో చదువుదురు. ఆ పద్యముమీద నాకొక అభ్యంతరము గలదు. మొదటి రెండు భాగములు మృతుల దుఃఖమే. చివరి భాగములో స్వరము మారును: మృతులే లేచి బ్రదికియున్నవారిని పోరు విడువవద్దని హెచ్చరింతురు. యుద్ధకాలములో సైన్యమునకు మనుష్యులను, ఋణపత్రములకు ధనమును రాబట్టుటకు ఆ భాగము బాగుగా ఉపయోగపడెను. స్నేహితుని సమాధి ఇంకను ఆరకమునుపు వ్రాసినవాని నేను తప్పుపట్టను. కాని నెమ్మది కాలములో, తల వంచిన సైనికుని యెదుట దానిని చదువునప్పుడు, రెండును ఒకే మాట చెప్పుట లేదని వినువారికి తోచవలదా? భూమిలోనుండి హేబెలు రక్తము మొరపెట్టినట్లు ఆదికాండములో నున్నది. హేబెలు రక్తముకంటె మేలైన దానిని పలుకు రక్తమును గూర్చి హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పండ్రెండవ అధ్యాయము చెప్పుచున్నది. పద్యపు చివరి భాగము హేబెలు స్వరము. ప్రతిమ మాటలాడదు, అయినను రెండవ స్వరమునకే దగ్గరగా నున్నదని నాకు తోచుచున్నది.

అనేక స్తంభములమీద యోహాను 15:13 చెక్కబడియున్నది. స్నేహితులకొరకు ప్రాణము పెట్టు ప్రేమను గూర్చిన ప్రభువు మాట అది. తల్లులకు అది గొప్ప ఆదరణ నిచ్చెను. వారినుండి దానిని లాగికొనుటకు నాకు చేయి రాదు. అయినను ఒక్క సంగతి చెప్పక తప్పదు. ప్రభువు ప్రాణము పెట్టెను, ఎవరి ప్రాణమును తీయలేదు. సైనికుడు రెంటికిని పంపబడెను. ఆనాడు అనేక బోధకులు బలిపీఠముమీదనుండియే యువకులను సైన్యములోనికి పిలిచి, తరువాత వారి మరణమును కల్వరితో పోల్చి ప్రసంగించిరి. రెండవ పని మొదటి పనిని కప్పిపుచ్చెను.

ఇక ఆ ప్రతిమను చేసినవాని సంగతి. అతని పేరు ఎమాన్యుయెల్ హాన్. జర్మనీలో 1881లో పుట్టి, చిన్ననాడే తలిదండ్రులతో కెనడాకు వచ్చినవాడు. అనగా వెస్ట్‌విల్ కుమారులను చంపిన దేశములో పుట్టిన చేతులే వారికొరకు ఏడ్చు సైనికుని మలచినవి. సౌలు తన్ను చంపజూచినవాడే యైనను దావీదు అతని కొరకు ప్రలాపించి, ఆ ప్రలాపమును యూదావారికి నేర్పించెను గదా! ఇది అట్టిదే యని నేను సంతోషించితిని. తరువాతి సంగతి చదివినప్పుడు ఆ సంతోషము తగ్గెను. 1925లో విన్నిపెగ్ నగరమువారు స్తంభముకొరకు పోటీ పెట్టగా హాన్ నమూనాయే గెలిచెను. అతడు జర్మనీలో పుట్టినవాడని తెలిసి అలజడి రేగినది, నగరము దానిని త్రోసివేసెను. మరల పోటీ పెట్టిరి. ఈసారి గెలిచినది ఎలిజబెత్ విన్ వుడ్ అను శిల్పిని, కెనడాలోనే పుట్టినది. ఆమె హాన్ భార్య యని తెలిసి ఆ నమూనాను సయితము విడిచిపెట్టిరి. ఇందులో వింత యేమనగా, కెనడా దేశపు పది సెంట్ల నాణెముమీది ఓడ, ఇరువదియైదు సెంట్ల నాణెముమీది కొమ్ముల జింక తల హాన్ గీసినవే. 1937నుండి విన్నిపెగ్ వారి జేబులలోను అవే తిరుగుచున్నవి. నాణెమును త్రోసివేసిన వారిని గూర్చి నేను వినలేదు.

పేర్లను గూర్చి కూడ ఆలోచింపుడి. మన గుడి గోడలలో చలువరాతి పలకలున్నవి. వేయి రూపాయలిచ్చినవాని పేరు, పునాది వేసినవాని పేరు వాటిమీద నుండును. సున్నము తొక్కినవారి పేర్లు, రాళ్లు మోసిన స్త్రీల పేర్లు ఎక్కడను లేవు. పలక చెప్పునది సత్యమే, అయితే సత్యమంతయు కాదు. యుద్ధ స్తంభముల సంగతియు అట్లే. వెస్ట్‌విల్ ఉన్న పిక్టో కౌంటీలోనే, పిక్టో రేవు పట్టణమందు, 1916 జూలై 5న ఒక సైనిక దళము ఏర్పడినది. అందులోని సైనికులు నల్లజాతివారు. రెండేండ్లు వారు సైన్యములో చేరుటకు వచ్చి నిలిచిరి, ఇది తెల్లవారి యుద్ధమని వారిని త్రిప్పి పంపిరి. చివరకు చేర్చుకొన్నను చేతికి తుపాకి కాక గొడ్డలియు పారయు ఇచ్చిరి. ఆరువందలకు పైబడినవారు 1917 మార్చిలో హాలిఫాక్స్ రేవునుండి ఓడ యెక్కి, ఫ్రాన్సు దేశపు జూరా కొండలలో చెట్లు నరికిరి, బాటలు వేసిరి, నీళ్లు ఎక్కించిరి. కందకములకు వలసిన పలకలు అట్టి చేతులనుండియే వచ్చెను. విమి కొండ జ్ఞాపకార్థము 1936లో ఫ్రాన్సులో గొప్ప స్తంభము వెలసినది, దేశమంతయు గర్వించినది. ఈ గొడ్డళ్లవారిని ఎవరును తలంపలేదు. పిక్టోలో వారికొక జ్ఞాపక చిహ్నము నిలుచుటకు 1993వరకు పట్టినది.

వారి దళమునకు గురువు విలియం వైట్ అను బాప్టిస్టు కాపరి. అమెరికాలోని వర్జీనియాలో పుట్టి, మన మిషనెరీలలో పలువురు చదివిన అకేడియా కళాశాలలోనే 1903లో పట్టము పొంది, ట్రూరో పట్టణములో సంఘమును కాచినవాడు. బొబ్బిలికి వచ్చినవారును, జూరా కొండలకు పోయిన ఈయనయు ఒకే ప్రార్థనశాలలో మోకరించిరని తలంచునప్పుడు నాకు ఆశ్చర్యము కలుగుచున్నది. మొదటివారిని గూర్చి మన సండేస్కూలు పిల్లలు సయితము చెప్పగలరు. ఆయన యుద్ధమునుండి తిరిగి వచ్చి హాలిఫాక్స్‌లో నల్లజాతి బాప్టిస్టు సంఘమును కాచుచు 1936లో నిద్రించెను.

2022 జూలై 9న, ఆయన మునుపు కాపరిగా నున్న ట్రూరో పట్టణములోనే, కెనడా ప్రధానమంత్రి ఆ దళమువారికి జరిగిన అన్యాయమునకు దేశము పేరట క్షమాపణ చెప్పెను. దళము ఏర్పడి అప్పటికి నూటయారు సంవత్సరములాయెను. ఆ మాట వినుటకు ఆ గొడ్డళ్లు పట్టినవారిలో ఒక్కడును మిగిలి యుండలేదు. వారి మనుమలును, మునిమనుమలును వచ్చి కుర్చీలలో కూర్చుండి వినిరి.