కమ్మోను అడిగిందెవరు?

'త్రీ ఇడియట్స్' సినిమా 2009లో వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు సూర్యాపేటలో మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుని చూసి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఈమధ్య మిర్యాలగూడ నుంచి మా అక్క కూతురు వస్తే మళ్లీ పెట్టుకున్నాం. తను ఒక పేరున్న సాంకేతిక విద్యాసంస్థలో మూడో ఏడు చదువుతోంది. రాజు ఇల్లు తెరమీదకు రాగానే, "చిన్నమ్మా, ఇక్కడ ఎందుకు నవ్వాలె?" అంది.

ఆ ఇంటిని రాజ్‌కుమార్ హిరానీ పాత సినిమాలను వెక్కిరిస్తూ నలుపు తెలుపుల్లో తీశాడు. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రి. ఆయన ఒళ్లు గోకిన అప్పడాల కర్రతోనే రొట్టెలొత్తే తల్లి. మారుతి 800 ఇచ్చుకోలేక పెళ్లికాని అక్క కమ్మో. ఇదంతా హాస్యం! ఆ బరువు మోయలేక రాజు కిటికీలోంచి దూకినప్పుడు మాత్రం సినిమా మనల్ని ఏడవమంటుంది. కోమాలో ఉన్న అతన్ని కదిలించడానికి ఒక కబురు చెబుతారు: కట్నం లేకుండా ఫర్హాన్ మీ అక్కను చేసుకుంటాడట. రాజు కదులుతాడు. మేమూ చప్పట్లు కొట్టినవాళ్లమే. కమ్మోను ఎవరూ అడగలేదని నాకు అప్పుడు తోచనేలేదు.

జాయ్ లోబో చావును ఆత్మహత్య కాదు, హత్య అనగలిగిన సినిమా ఇది. ఆ ధైర్యాన్ని తక్కువ చేయను. కానీ దీనికి మూలమైన చేతన్ భగత్ నవల (2004)లో లాగే ఇక్కడా చదువుల భారం ముగ్గురు మగపిల్లలదే. ఆడవాళ్లు ప్రొఫెసర్ కూతురుగానో, అక్కగానో, అమ్మగానో వస్తారు. పరీక్షకు భయపడే ఆడపిల్ల కథ లేదు.

అప్పుడు అమ్మాయిలు అక్కడ ఎందరున్నారని అడగొచ్చు. నిజమే, 2017 దాకా ఐఐటీల బి.టెక్‌లో నూటికి పదిమంది కూడా లేరు. 2018లో అదనపు సీట్లు పెట్టి ఆ ఏడు 14 శాతం, 2020కి 20 శాతం లక్ష్యంగా పెట్టుకున్నారు. అబ్బాయిల సీట్లు తగ్గించలేదు. అయినా "కోటాలో వచ్చినవా?" అన్న మాట మా పిల్ల మొదటి వారంలోనే విన్నది.

అంతకుముందు అంత తక్కువమంది ఎందుకున్నారో మా చుట్టాల ఇళ్లలోనే కొంత తెలుస్తుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లు రాయొచ్చు. కోదాడలో మా బంధువుల ఇళ్లలో ఆ రెండోసారి మగపిల్లాడిదే. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు అప్పు చేసేది వాడికోసమే. ఆడపిల్లకైతే దగ్గర్లో ఏ కాలేజీ వస్తే అదే. కోదాడ, సూర్యాపేటల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారే హైదరాబాదు దాటి, ఐఐటీ ఉన్న కంది మీదుగా పోతుంది. ఎక్కాల్సింది ఒకే రోడ్డు.

రాంచో చెప్పే మందు ఒక్కటే: భయం వదిలి ఇష్టమైనది చదువుకో. అది విని మా పిల్ల, "నాకిష్టమైందే చదువుతున్న గద. ఒక సబ్జెక్టు పోయింది. అమ్మకు చెప్తే, చదివింది చాలు, ఇంటికి రా, సంబంధం చూస్తం అంటది" అంది. రాజుకు ఉద్యోగం రాదేమోనని భయం. ఈ పిల్లకు ఇంటికి పిలుస్తారని భయం.

ఆ సబ్జెక్టు తర్వాత పాసైంది. ఇదంతా రాస్తానంటే ఒప్పుకుంది. "రాయి చిన్నమ్మా, అమ్మ మీ పత్రిక చదవదులే."