కొళాయి పనివారి సంజ్ఞలు: ఒక విమర్శనము

లాఘవమునకై శాస్త్రకారులు సంజ్ఞలను గల్పింతురు. పాణిని, ‘దాప్’ దక్కఁ దక్కిన దా, ధా రూపములగు ధాతువులకు ‘ఘు’ అనియు, శబ్దమునందలి కడపటి యచ్చు మొదలుగాఁ గల భాగమునకు ‘టి’ అనియుఁ బేర్లు పెట్టెను. లోకమున వీని కర్థము లేదు. శాస్త్ర మెఱిఁగినవానికే యర్థమగును. కొళాయి పనివారి పొడియక్షరములును నిట్టివే. ఎన్.ఆర్.వి. యన నీటిని వెనుకకు మరలనీయని వాల్వు. జి.ఐ., యు.పి.వి.సి., సి.పి.వి.సి. యనునవి గొట్టముల ద్రవ్యభేదములు. ఎస్.డబ్ల్యు.ఆర్. యన మలజలమును, వాడిన నీటిని, వాననీటిని గొనిపోవు గొట్టము. వీనిని విని భాష చెడినదని పెదవి విఱుచు పండితులు గలరు. వారి యాక్షేపము నిలువదనియు, దోషము వేఱొకచోట నున్నదనియుఁ జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట పేళ్లను బరిశీలింతము. ‘ప్లంబరు’ అను పదము సీసమునకు లాటిను పేరగు ‘ప్లంబం’ నుండి పుట్టినది. రోమకులు సీసపు గొట్టములతో నీరు పాఱించిరి. నేఁడు సీసము విషమని త్రాగునీటి గొట్టములకు వర్జ్యమైనను పేరు నిలిచినది. దర్భలు దెచ్చువాఁ డను యోగార్థము విడిచి ‘కుశలుఁడు’ నేర్పరి యైనట్లే యిదియు రూఢి. తెలంగాణమువారి ‘నల్లా’ నలశబ్దముతోడను, కోస్తావారి ‘కొళాయి’ గొట్టమను నర్థము గల తమిళ పదముతోడను జుట్టఱికము గలవి. కావున నీ వృత్తిలోని మాటలు కులహీనములు గావు.

లింగవ్యవస్థ చూడుఁడు. వెలుపల మర గలది ‘మేల్’, లోపల మర గలది ‘ఫీమేల్’, దానినిబట్టియే ఎం.టి.ఏ., ఎఫ్.టి.ఏ. యను సంజ్ఞలు. సంస్కృతమున భార్యార్థకమగు దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము. మన లింగము శబ్దము ననుసరించును. వీరి లింగము వస్తువు ననుసరించును. ఇందపవాదము లేదు.

ఇఁక దోషములు. ‘అర యంగుళపు గొట్టము’ అన్నచో నేది యర యంగుళము? జి.ఐ. గొట్టమునకు వెలుపలి వ్యాసము 21.3 మిల్లీమీటర్లు, రాగిగొట్టపుఁ గొలత ననుసరించు సి.పి.వి.సి. గొట్టమునకు 15.9 మిల్లీమీటర్లు. రెండును నర యంగుళములే! అర యంగుళ మనఁగా 12.7 మిల్లీమీటర్లు గదా. ఇచ్చట సంఖ్య పరిమాణవాచకము గాదు, నామమాత్రము. సంఖ్యల గతి మఱియు వింత. ‘షెడ్యూలు’ సంఖ్య పెరిఁగినకొలఁది గోడ దళసరి యగును. కావున నొకే కొలత గొట్టములలో నలువదికంటె నెనుబది దళసరి. ‘ఎస్.డి.ఆర్.’ అనునది వెలుపలి వ్యాసమును గోడ మందముచే భాగింప వచ్చిన లబ్ధము. అది పెరిఁగినకొలఁది గోడ పలుచనగును. ఒకే యంగడిలో నొక సంఖ్య పెరిఁగిన బలము, వేఱొకటి పెరిఁగిన దౌర్బల్యము!

అన్నిటికంటె ఘోరమైనది పి.ఆర్.వి. యను సంజ్ఞ. ‘ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వ్’ అను దానికిని, ‘ప్రెషర్ రిలీఫ్ వాల్వ్’ అను దానికిని నిదియే పొడిపేరు. మొదటిది వచ్చెడి నీటి యొత్తిడిని దగ్గించి లోనికిఁ బంపును. రెండవది లోన నొత్తిడి మితిమీఱినపుడు తెఱచుకొని నీటిని వెలికి విడుచును. నీళ్లు కాఁచు గీజరునకు రెండవది ప్రాణరక్షకము. వేఁడిచే వ్యాకోచించిన నీటికి దారి లేనిచోఁ దొట్టి పగులవచ్చును. మాహేశ్వరసూత్రములందును ణకారము మొదటి సూత్రమునఁ గడపట నొకమాఱు, ఆఱవదానఁ గడపట నొకమాఱు వచ్చుటచే ‘అణ్’ అనునది యెంతవఱకో యను సందేహము పుట్టినది. సవర్ణగ్రహణసూత్రమునందుఁ దక్కఁ దక్కినచోట్లఁ బూర్వణకారముతోననియు, ‘ఇణ్’ ఎల్లెడలఁ బరణకారముతోననియు వ్యాఖ్యాతలు నిర్ణయించిరి. సందేహము గలిగినంతమాత్రమున వారు శాస్త్రమును బాఱవేయలేదు, వ్యాఖ్యానించిరి. అయితే వ్యాకరణమున సందేహించినవానికి రూప మొక్కటి తప్పును. ఇచ్చట సందేహింపనివానికి ఇల్లే తప్పును.

కావునఁ గావలసినది క్రొత్త సంజ్ఞలు గావు, భాష్యము. ‘పీడననిరోధకకవాటము’ వంటి సమాసములఁ గూర్చుట సులభము. అంగడిలో నా మాట కెవ్వఁడును వస్తువు నందీయఁడు. పైఁగా నా సమాసమును రెండు వాల్వులకుఁ జెల్లును గనుక సందేహము మఱల మొదటికే వచ్చును. పనివారి మాటను బనివారినుండియే గ్రహించు మార్గము మనకుఁ గ్రొత్తది గాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశమున వ్యవసాయపదముల సంపుటము 1962 లోను, చేనేతపదముల సంపుటము 1971 లోను వెలువడినవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. అదే పద్ధతిని గొళాయి పనివారి సంజ్ఞలను సేకరించి, సందిగ్ధములగు వానిచెంత ‘ఇచ్చట నీ యర్థము, అచ్చట నా యర్థము’ అని విభజించి చూపవలెను. పి.ఆర్.వి. యను చీటిని వ్రాయువారు మూఁడక్షరములు మిగిల్చుకొనుటకంటె, ‘తగ్గించునది’ యనియో ‘విడుచునది’ యనియో యొక్క తెలుఁగుమాట చేర్చుట మేలు. సందేహమును మిగుల్చు లాఘవము లాఘవము గాదు.