కిటికీ పక్క పిల్లకి ఒక బడి

మా అమ్మాయి రెండో తరగతి. పోయిన నెల ‘కమ్యూనిటీ హెల్పర్స్’ అని ఒక వర్క్‌షీట్ తెచ్చింది. పోస్ట్‌మ్యాన్, పోలీసు, డాక్టరు, చీపురు పట్టుకున్న ఒకామె. అందరికీ రంగులేసింది. పదికి పది, పక్కన ఒక స్టార్. “మీ క్లాసు ఊడ్చే ఆమె పేరేంట్రా?” అని అడిగాను. “ఆయమ్మ” అంది. “అది పేరు కాదు కదా?” “అందరం ఆయమ్మ అనే పిలుస్తాం నాన్నా.”

ఆ రాత్రి అలమరలోంచి ‘రైలుబడి’ తీశాను. టెట్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన ఈ పుస్తకం జపాన్‌లో 1981లో వచ్చింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఇంజనీరింగ్ రోజుల్లో మొదటిసారి చదివాను. అప్పటికి రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ర్యాంకుల కోసం రుబ్బించుకుని వచ్చినవాణ్ణి. పాత రైలుపెట్టెల్లో క్లాసులు, ఇష్టమైన సబ్జెక్టుతో రోజు మొదలుపెట్టే పిల్లలు... ఇది స్వేచ్ఛ గురించిన పుస్తకం అనుకున్నాను. ఎవరిని అడిగినా ఇప్పటికీ అదే చెప్తారు. ఈసారి నాకు వేరే పుస్తకం కనబడింది.

పేరుతోనే మొదలుపెడతాను. జపనీస్ మూలం పేరుకి ‘కిటికీ పక్క టొట్టో-చాన్’ అని అర్థం. మొదటి బడిలో టొట్టో-చాన్ పాఠం వినకుండా కిటికీ దగ్గర నిలబడి, వీధిలో పోయే వాయిద్యాల వాళ్ళని పిలిచేది. ఒకటో తరగతిలోనే బడిలోంచి పంపించేశారు. కానీ ఆ పేరులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజుల్లో జపాన్ ఆఫీసుల్లో పని ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టిన ఉద్యోగుల్ని ‘కిటికీ పక్క వాళ్ళు’ అనేవారట. మన హైటెక్ సిటీ భాషలో ‘బెంచ్ మీద ఉన్నవాళ్ళు’. బెంచ్ మీద మూడు నెలలున్న నాకు ఆ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. జీతం వస్తుంది, బ్యాడ్జ్ పనిచేస్తుంది, కానీ ఆ బిల్డింగులో మన అవసరం ఎవరికీ లేదు.

తెలుగు పేరులో ఆ కిటికీ పోయింది. అది నష్టమే. కానీ పిల్ల పేరు తీసి బడి పేరు పెట్టడంలో ఒక విమర్శ కూడా ఉందనిపిస్తుంది: తేడా పిల్లలో లేదు, బడిలో ఉంది.

ఆ బడి తొమోయె. హెడ్మాస్టరు సొసాకు కొబయాషి. మొదటి రోజు ఆయన టొట్టో-చాన్ మాటలు నాలుగు గంటలు విన్నాడు. ఆ సంగతి అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం మరుగుదొడ్డి ఘట్టం ముఖ్యం. తనకి ఇష్టమైన పర్సు దొడ్లో పడిపోతే, టొట్టో-చాన్ గరిట లాంటిది ఒకటి పట్టుకొచ్చి గుంటలోదంతా తోడి బయట గుట్ట పోస్తుంది. అటుగా వచ్చిన హెడ్మాస్టరు తిట్టడు, సాయం పట్టడు, మనిషిని పిలిపించడు. పనయ్యాక అదంతా మళ్ళీ లోపల వేసేస్తావుగా అని అడిగి వెళ్ళిపోతాడు. పర్సు దొరకదు. పిల్ల మొత్తం తిరిగి పోసేస్తుంది. మా గేటెడ్ కమ్యూనిటీలో ఇదే జరిగితే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాం, పది నిమిషాల్లో హౌస్‌కీపింగ్ వస్తుంది. పిల్లకి సారీ చెప్పడం నేర్పిస్తాం. తోడిపోయడం నేర్పం.

ఆటలపోటీ ఘట్టమూ అంతే. ఎదుగుదల ఆగిపోయిన తకహాషి అనే పిల్లాడే అన్నిట్లో గెలుస్తాడు. పొట్టి కాళ్ళకి అనువుగా ఉండేలా ఆ పోటీల్ని తయారుచేసింది హెడ్మాస్టరే. బహుమతులు ముల్లంగి, పాలకూర లాంటివి. కూరగాయలు మోసుకుని ఇంటికెళ్ళడానికి పిల్లలు సిగ్గుపడతారు. ఇది మీ కష్టంతో ఇంటికి తెచ్చిన తిండి అన్న అర్థం వచ్చేలా ఆయన చెప్తాడు. కప్పు షోకేసులోకి పోతుంది, ముల్లంగి వంటింట్లోకి పోతుంది. నా వల్ల ఇంట్లో అందరూ తిన్నారు అన్న ఎరుక ఏడేళ్ళ పిల్లకి ఏ వర్క్‌షీట్ ఇస్తుంది?

అభ్యంతరాలు లేకపోలేదు. అంతా హెడ్మాస్టరు మంచితనం మీదే నడుస్తుంది. మా భాషలో అది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. యాభైమంది పిల్లల బడిలో కుదిరింది నాలుగు వేలమంది క్యాంపస్‌లో కుదురుతుందా అనే ప్రశ్న కురొయనాగి వేసుకోదు. 1945లో బాంబుదాడిలో బడి కాలిపోయింది. ఆ ప్రాథమిక పాఠశాల మళ్ళీ లేవలేదు. పుస్తకమంతా పరుచుకున్న ఆ జ్ఞాపకాల తీపి కొన్నిచోట్ల మొహం మొత్తుతుంది కూడా.

అయినా ఈ పుస్తకాన్ని టీచర్ల కంటే ముందు తల్లిదండ్రులు చదవాలంటాను. మనం ఫీజు కట్టి పిల్లల్ని కస్టమర్లుగా బడికి పంపిస్తున్నాం. కస్టమర్‌కి సర్వీసు అందుతుంది. ఆ చోటు తనదనిపించాలంటే అక్కడ తను చేయవలసిన పని ఒకటుండాలి. బెంచ్ మీద కూర్చున్నప్పుడు నాకు లేనిది సరిగ్గా అదే.

రెండు రోజుల తర్వాత అమ్మాయి ఆయమ్మ పేరు కనుక్కుని వచ్చింది. చెప్పి ఊరుకోలేదు. “మీ ఆఫీసులో టీ ఇచ్చే అంకుల్ పేరేంటి నాన్నా?” అంది. మూడేళ్ళుగా ఆయన చేతి టీ తాగుతున్నాను. తెలీదు. రేపు అడిగి చెప్తానన్నాను.