డప్పుకు క్లిక్ ట్రాకా?

బోడుప్పల్ కాలనీల్లో ఇవాళ పాట రికార్డు చెయ్యాలంటే ఎవరి స్టూడియో వాకిట్లోనూ నిలబడక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైకు, కిటికీకి కట్టిన బొంత - ఇంతే. పక్కనే నాచారంలో ఎన్.టి. రామారావు రామకృష్ణ స్టూడియో కట్టిన రోజులకూ ఇప్పటికీ జరిగిన ఈ మార్పు చిన్నదేం కాదు. రికార్డింగ్ సాధనాలు ఎవరి చేతిలో వున్నాయన్నది కులం ప్రశ్న కూడా. కాబట్టి గదిలో చేసిన పాటకు ‘క్వాలిటీ’ లేదని మొహం చిట్లించే వాళ్లతో మనకు పని లేదు. మన పేచీ వేరు.

1972లో పుట్టిన జననాట్యమండలి పాటలైనా, కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాతి దళిత పాటలైనా క్యాసెట్ల మీదే వూళ్లు తిరిగాయి. టూ-ఇన్-వన్‌లో కాపీ అయ్యి చేతులు మారాయి. పీటర్ మాన్యుయెల్ 1993లో తన ‘క్యాసెట్ కల్చర్’లో ఉత్తర భారతంలో పెద్ద కంపెనీ గుత్తాధిపత్యాన్ని క్యాసెట్టు ఎట్లా బద్దలుకొట్టిందో చూపించాడు. అదే క్యాసెట్టు మతవిద్వేష ప్రసంగాలనూ మోసిందని కూడా రాశాడు. ఇది మనవాళ్లు మర్చిపోకూడదు.

ఇప్పటి ఇంటి స్టూడియో పాటలో డప్పు వినిపిస్తది, కొట్టే మనిషి వుండడు. ఎవరో ఎప్పుడో కొట్టిన నాలుగు దెబ్బలను కోసి, లూపు చేసి, పాటంతా పరుస్తారు. డప్పు అట్లా మోగే వాయిద్యం కాదు. మంటకు కాపితేనే తోలు బిగుస్తది, కొడుతుంటే సడలుతది, మళ్లీ కాపాలె. చిర్ర దెబ్బ వేరు, సిటికెన పుల్ల దెబ్బ వేరు. జనం వూగేకొద్దీ దరువు వేగం పెరుగుతది. క్లిక్ ట్రాక్ ఆ వేగాన్ని ఒక అంకె దగ్గర కట్టేస్తుంది. దెబ్బ గీత దాటితే సాఫ్ట్‌వేర్ దాన్ని వెనక్కి లాగి ‘సరిచేస్తుంది’. ఇంతకూ ఏది తప్పో తేల్చిందెవరు?

మరి మన పిల్లలు లూపు ఎందుకు వాడుతున్నారు? బద్ధకం వల్లనేం కాదు. ఇల్లు అద్దెకు అడిగితే ఓనరు ముందు అడిగేది కులం. గదిలో డప్పు కనిపిస్తే అడగకుండానే తెలుస్తది. హెడ్‌ఫోన్‌లో డప్పు కొట్టుకుంటే పక్కింటికి వినపడదు. అంటే డప్పు పాట చేస్తూనే డప్పును దాచుకోవాల్సి వస్తోంది. ఈ సంగతి వదిలేసి సాంకేతికతను తిట్టడం తేలిక.

‘అసలు డప్పు పల్లెలోనే వుంది, అక్కడికే పోదాం’ అనే వాదనతోనూ నాకు ఏకీభావం లేదు. పల్లెలో డప్పు వెట్టితో ముడిపడి వుంది. దొర ఇంటి చావుకు డప్పు కొట్టమని తెగేసి చెప్పడం కూడా మన పోరాటంలో భాగమే. కొట్టేవాడు కనపడకపోవడం ప్రతిసారీ నష్టం కాదు. కానీ లూపులో కొట్టిన మనిషికి ఆ విముక్తీ లేదు, కూలీ లేదు, పేరూ లేదు. అతని చేతిదెబ్బ మాత్రం సరుకై అమ్ముడుపోతూనే వుంది.

డప్పును బస్తీ మైదానంలో, మంట పక్కన, క్లిక్ లేకుండా, మైకు కొంచెం దూరంగా పెట్టి రికార్డు చెయ్యొచ్చు. గొంతు తర్వాత గదిలో కలుపుకోవచ్చు. పాట వీడియో కింద ఎడిటింగ్ చేసినవాళ్ల పేరూ, డ్రోన్ నడిపినవాళ్ల పేరూ వుంటున్నాయి. డప్పు కొట్టినవాళ్ల పేర్లు కూడా అక్కడే పడాలె, వచ్చిన పైసల్లో వాటా కూడా ముట్టాలె.