మాఘ పున్నమికి అడవి దిగి వచ్చే తల్లి

మాఘమాసం పట్టగానే హన్మకొండ సుబేదారి రోడ్డు వెంట కిరాణా దుకాణాల ముందు బెల్లం ముద్దలు గుట్టలుగా పేరుస్తారు. పక్కనే పెద్ద తరాజు వేలాడుతుంటుంది. ఒక పళ్ళెంలో మనిషి, రెండో పళ్ళెంలో బెల్లం. బిడ్డ పుడితే, జబ్బు నయమైతే, కొలువు దొరికితే ఎత్తు బంగారం సమర్పిస్తామని మొక్కుకున్నవాళ్ళు పిల్లాపాపలతో వచ్చి తూగి పోతారు. కోయల తల్లి సమ్మక్కకిచ్చే బెల్లాన్ని మా ఓరుగల్లు దిక్కున బంగారమనే అంటారు. ఒడిబియ్యం, పసుపు కుంకుమలు, రవిక ముక్క, కొబ్బరికాయలు, కోళ్ళు సర్దుకుని హన్మకొండ నుంచి ములుగు రోడ్డెక్కితే వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మేడారం. దారిలో ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కనిదే బండి ముందుకు కదలదు.

అక్కడ సమ్మక్క జాతర రెండేళ్ళకోసారి, నాలుగు రోజులు. 1996లో రాష్ట్ర పండుగగా గుర్తింపు వచ్చాక రోడ్లు పెరిగాయి, బస్సులు పెరిగాయి, జనం కోటి దాటిందని అధికారులు ప్రకటిస్తుంటారు. పత్రికలు కూడా ఆ జనసంద్రాన్నే చూపిస్తాయి. నాకు మాత్రం జాతర మొదలయ్యే బుధవారానికి ముందరి రెండు బుధవారాల మీదే మనసు. జనం లేని ఆ రోజుల్లో కోయ పూజారులు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు చేసే పనిలోనే ఈ జాతర ప్రాణమంతా ఉంది. ఇక్కడ విగ్రహం లేదు. గద్దె, వెదురు, కుంకుమ భరిణ, అంతే. తల్లి ఏడాది పొడవునా గద్దె మీద కూర్చుని ఉండదు. ఆమెను ప్రతిసారీ అడవి నుంచి తెచ్చుకోవాలి, ఆమె వచ్చేసరికి చోటును మళ్ళీ మొదటి నుంచీ సిద్ధం చేసుకోవాలి.

ముందుగా ఋతువు సంగతి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. దానికి రెండు వారాల ముందు వచ్చేదే మాఘ శుద్ధ పౌర్ణమి. అప్పటికి వరి కోతలు ఎప్పుడో అయిపోయి ధాన్యం ఇల్లు చేరి ఉంటుంది. తాడ్వాయి అడవిలో టేకు ఆకు రాలుస్తుంటుంది, మోదుగు మొగ్గ తొడుగుతుంటుంది. వానాకాలంలో మనిషిని నిలవనీయని, మేడారం పక్కనున్న జంపన్న వాగు కాలినడకన దాటేంతగా తగ్గుతుంది. ఇల్లు కప్పుకునే గడ్డి ఎండి కోతకు సిద్ధంగా ఉంటుంది. చలి పూర్తిగా పోలేదు, ఎండ పూర్తిగా రాలేదు. ఆ సందులో ఈ పండుగ.

సరిగ్గా ఇదే సందులో ఐర్లండ్‌లోనూ ఒక తల్లిని ఇంటికి పిలుచుకుంటారు. ఫిబ్రవరి 1న వచ్చే ఆ పండుగ పేరు ఇంబోల్క్. క్రైస్తవం రాకముందు నుంచీ కెల్టిక్ జనం వసంతాన్ని ఆ రోజునే మొదలుపెట్టేవాళ్ళు. శీతకాలపు అతి పొట్టి పగలుకూ, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత దినానికీ అది దాదాపు నడిమధ్య. గొర్రెలు ఈని పాలిచ్చే వేళ. ఐర్లండ్‌లోని తారా కొండ మీద అయిదు వేల ఏళ్ళ నాటి ఒక సమాధి గుట్ట ఉంది. ఈ పండుగ రోజుల్లో పొద్దు పొడిచినప్పుడు వెలుగు దాని లోపలిదాకా పడేట్టు కట్టారు. ఆ పండుగ దేవత బ్రిజిడ్. కవిత్వం, కమ్మరి పని, వైద్యం ఆమె చేతిలోవి. తర్వాత్తర్వాత అదే పేరుగల క్రైస్తవ సన్యాసిని ఆ పండుగకు అధిదేవత అయింది. కిల్డేర్ మఠంలో పంతొమ్మిది మంది సన్యాసినులు వంతులవారీగా ఆరిపోని అగ్నిని కాపాడేవారని పన్నెండో శతాబ్దంలో ఒక యాత్రికుడు రాశాడు. మధ్యలో ఆరిపోయిన ఆ నిప్పును 1993లో కిల్డేర్‌లో మళ్ళీ వెలిగించారు.

2018లో మేడారం జాతర జనవరి 31న మొదలై ఫిబ్రవరి 3న ముగిసింది. అంటే సమ్మక్క గద్దెకు వచ్చిన గురువారం ఇంబోల్క్ నాడే. జాతర లేని ఏడు జరిపే మినీ మేడారం జాతర 2023లో ఫిబ్రవరి 1న మొదలైంది. ఐర్లండ్ ప్రభుత్వం బ్రిజిడ్ పేరిట మొదటిసారి సెలవిచ్చింది కూడా వారం తిరక్కముందే, ఫిబ్రవరి 6న. కోయ గూడేలకూ ఐరిష్ పల్లెలకూ ఏదో పాత చుట్టరికం ఉందని నేను చెప్పబోవడం లేదు. అలాంటి మాటలకు ఆధారం లేదు. చేతిపనిలో ఉన్న పోలికే నన్ను పట్టుకుంది.

బ్రిజిడ్ శిలువ చూడండి. తుంగలాంటి పచ్చి గడ్డితో అల్లుతారు. ఆ గడ్డిని కోయకూడదు, చేత్తో పీకాలి. ఒక పోచను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని సగానికి మడిచి దాని నడుముకు తొడుగుతారు. పావు వంతు తిప్పి మూడోది తొడుగుతారు. తిప్పడం, మడవడం, బిగించడం. నడుమ చదరపు అల్లిక గట్టిపడ్డాక నాలుగు చివరలూ కట్టి గుమ్మం మీదో, పశువుల కొట్టంలోనో పెడతారు. ఏటా కొత్తది అల్లాల్సిందే. ఆ ముందు రాత్రి గుమ్మం బయట ఒక గుడ్డ పరుస్తారు. తల్లి ఆ దారిన పోతూ దాన్ని తాకుతుందని నమ్మకం. ఆ గుడ్డ ఏడాదంతా తలనొప్పికీ, కాన్పుకీ మందు. గడ్డిబొమ్మను చేసి ఆడపిల్లలు ఇల్లిల్లూ తిప్పుతారు. గుమ్మంలో నిలబడి రమ్మని పిలుస్తారు.

ఇప్పుడు మేడారం రండి. జాతరకు రెండు వారాల ముందరి బుధవారం గుడిమెలిగె. మేడారంలో సమ్మక్క గుడి, కన్నెపల్లిలో ఆమె కూతురు సారలమ్మ గుడి ఒకప్పుడు గడ్డి గుడిసెలే. రెండేళ్ళ వానకూ ఎండకూ కప్పు మురిగిపోతుంది కనుక అడవి నుంచి కొత్త వాసాలు, కొత్త గడ్డి తెచ్చి కప్పి, గోడలు అలికి, ముగ్గులు పెట్టేవాళ్ళు. ఇప్పుడు గుళ్ళు పక్కా కట్టడాలు. అయినా ఆ బుధవారం పూజారులు అడవికి పోయి గడ్డి తెస్తూనే ఉన్నారు. ఆ గడ్డి వానను ఆపదు, ఆపాల్సిన పనీ లేదు. ఏ అడవిలో ఏ గడ్డి కోయాలో, ఎలా కట్టాలో కుర్రవాళ్ళకు తెలిసేది ఆ ఒక్క రోజే. ఆ తెలివిడి కోసమైనా ఆ ఆనవాయితీ ఉండాలి.

మరుసటి బుధవారం మండమెలిగె. ఊరి పొలిమేరల్లో గుంజలు పాతి దిష్టి తోరణాలు కడతారు. మామిడాకులు, వేపమండలు, కోడిపిల్ల కట్టి ఊరికి కంచె వేసినట్టు చేస్తారు. బయటి కీడు లోపలికి రాకూడదు. ఆ రాత్రి గద్దెల దగ్గర డోలి వాద్యం మోతతో జాగారం. జాతర లేని ఏడు ఈ మండమెలిగెనే పండుగగా జరుపుతారు. జనం దాన్నే మినీ జాతర అంటున్నారు. తోపులాట లేకుండా ఈ పద్ధతుల్ని కళ్ళారా చూడాలనుకునేవాళ్ళు ఆ ఏడు వెళ్ళడం మంచిది.

అసలు జాతర బుధవారం నాడు కన్నెపల్లి నుంచి సారలమ్మ బయలుదేరుతుంది. తెచ్చేది కాక వంశం పూజారులు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో గుడి ముందు వరుసగా బోర్లా పడుకుంటారు. పూజారి వాళ్ళ మీదుగా దాటిపోతాడు. దాన్ని వరం పట్టడం అంటారు. ఆ వరుసలో పడుకున్న ఆడవాళ్ళ మొహాలు చూసినవాళ్ళు దీన్ని మూఢనమ్మకమని ఒక్కమాటతో కొట్టిపారేయలేరు. ఊరివాళ్ళ చేత గొడ్రాలనిపించుకున్న మనిషికి తల్లి తనను తాకి పోయిందన్న మాట ఎంత పెద్దదో ఆ చోట అర్థమవుతుంది. అదే రాత్రికి పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును పెనక వంశం వాళ్ళు అడవి దారిన నడిచి తెస్తారు. కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు వస్తాడు.

గురువారం పొద్దున వనం తేవడం. పూజారులు అడవిలో వెదురును ఎంచి, పూజ చేసి, నరికి, డోళ్ళతో తెచ్చి గద్దె మీద నిలబెడతారు. అదే కంకవనం. సాయంత్రం ప్రధాన పూజారి చిలకలగుట్ట ఎక్కుతాడు. అక్కడి పూజ ఎవరూ చూడరాదు. కుంకుమ భరిణతో ఆయన గుట్ట దిగగానే జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలుకుతాడు. భక్తులు ఎగరేసే ఎదురుకోళ్ళు గాల్లోకి లేస్తాయి. శివసత్తులు పూనకంతో ఊగుతుంటారు. కప్పం కట్టలేని కరువు ఏట కాకతీయ సైన్యంతో పోరాడిన సమ్మక్క కథలో ఆమె గాయపడి ఆ గుట్ట వైపే పోయి మాయమైంది, వెతికినవాళ్ళకు చెట్టు కింద కుంకుమ భరిణ దొరికింది. కొడుకు జంపన్న ఒరిగిపోయిన సంపెంగ వాగే జంపన్న వాగు. రాజ్యానికి ఎదురు తిరిగిన ఆడమనిషికి ఇవాళ రాజ్యం తుపాకులతో వందనం చేస్తోంది. కోయ జనానికి ఇంతకన్నా పెద్ద గెలుపు చరిత్రలో ఇంకెక్కడ దొరికిందో నాకు తెలియదు.

ఈ కథను తరాల పాటు మోసింది కాగితం కాదు, డోలి కళాకారుల గొంతు. బొమ్మలు కుట్టిన పొడవాటి గుడ్డ, పడిగె, దాన్ని చూపిస్తూ ఏ గట్టు, అంటే గోత్రం, ఎవరిదో, ఏ ఇంటి వేల్పు ఎక్కడివాడో రాత్రంతా పాడతారు. మణుగూరు దిక్కున కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. 2024లో ఆయన పోయారు. ఆయన నోట ఉన్న వంశ కథలు ఎన్ని రికార్డయ్యాయి, ఎన్ని ఆయనతోనే పోయాయి అన్నది కాకతీయ విశ్వవిద్యాలయం పట్టించుకోవాల్సిన ప్రశ్న. దాని సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో చదివే ములుగు, ఏటూరునాగారం పిల్లల్లో కోయ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఆ పని వాళ్ళ చేతికిస్తే నిజంగా జరుగుతుంది.

2025లో గద్దెల చుట్టూ రాతి కట్టడాల పని మొదలైంది. ఇంత జనానికి గట్టి నేల, వెడల్పు దారి కావాలి. తొక్కిసలాటలో ప్రాణాలు పోకూడదు. రాయి మీద పడిగె బొమ్మలు చెక్కడమూ మంచి ఆలోచనే. కానీ చెక్కిన బొమ్మ పాడదు. గద్దె మీదికి వచ్చే వెదురు అడవిలో నరికిందే కావాలి, దాన్ని ఎంచేది పూజారే కావాలి, గుడిమెలిగె గడ్డి ఎవరో కాంట్రాక్టరు లారీలో దించేది కాకూడదు. చుట్టూ ఎంత రాయి పరిచినా ఈ మూడూ చెడకపోతే జాతర చెడదు. బిడ్డల పుట్టువెంట్రుకలిచ్చే వాగు ఒడ్డున ప్లాస్టిక్ గుట్టలు చూసినప్పుడు మాత్రం బాధ కలుగుతుంది. తల్లి అడవిలో ఉంటుందని నమ్మి అంత దూరం పోయినవాళ్ళం, ఆ అడవిలో ప్లాస్టిక్ వదిలి రావడం ఏ మొక్కులోనూ లేదు.

శనివారం సాయంత్రం వనప్రవేశం. ఏ వేల్పు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి మళ్ళుతుంది. బస్సులు హన్మకొండకు తిరిగొస్తాయి, వాడకట్టులో బంగారం పంచుతారు. ఆ వచ్చే బుధవారం తిరుగువారం. పూజారులు గుళ్ళు కడిగి, పూజా సామాన్లు శుభ్రం చేసి లోపల భద్రపరుస్తారు. జాతరలో గద్దె దాకా చేరలేకపోయిన ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు ఆ రోజు వెళ్ళి తీరిగ్గా మొక్కు చెల్లించుకుంటారు.