అంటు ఓడలు

తొలకరి పడితే చాట్రాయి వీధుల్లో మామిడి మొక్కల ఆటోలు తిరుగుతాయి. ఈ వారం వచ్చినతను చిన్న రసాల అంటు చేతికిచ్చి, "అన్నీ ఒకే తల్లివి సార్, రేపు కాయ కూడా ఒకేలా" అన్నాడు, అదేదో ఘనకార్యమన్నట్టు. నాకు ఒళ్లు మండింది. టెంక మొక్కల మీద నా పక్షపాతం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. ఒకదానికొకటి నకలుగా పుట్టేవాటిని నేను నమ్మను.

ఆ చిరాకులోనే సెంచూరియన్ అనే ఓడ గుర్తొచ్చింది. తెరచాపల కాలంలో బ్రిటిష్ నౌకాదళమూ ఇదే పని చేసేది: నక్షా ఒకటే, దాని మీద ఓడలు అనేకం. మొదట దిగిన ఓడ పేరే ఆ తరగతికి పేరు. సర్ థామస్ స్లేడ్ గీసిన సాలిస్‌బరీ తరగతిలో మొదటిది 1769లో దిగింది, సెంచూరియన్ 1774లో. రెండంతస్తుల్లో 50 ఫిరంగులు. పెద్ద యుద్ధంలో వరుసలో నిలబడే బలం లేదు, ఫ్రిగేట్‌లా పరుగెత్తే చురుకూ లేదు. అందుకే దూరదేశాల కాపలాకి తోలేసేవారు.

అలా తోలేసిన సెంచూరియన్ 1804 సెప్టెంబరు 15న విశాఖ ముందు లంగరేసి ఉంది. అప్పటికి హార్బర్ లేదు, సరుకు ఎక్కించడమంతా పడవల మీదే. రెండు వర్తక నౌకలకి అది కాపలా. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్న సమయంలో ఫ్రెంచి అడ్మిరల్ లినోవా వచ్చిపడ్డాడు: 74 ఫిరంగుల మరెంగో, తోడుగా రెండు ఫ్రిగేట్లు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ కాల్పులు మొదలుపెట్టాడు, లిండ్ వెనక్కి వచ్చి అందుకున్నాడు. లంగరు తాడు తెగింది, తెరచాపలు చిరిగాయి. బార్నబీ అనే నౌక ఒడ్డుకి కొట్టుకుని పగిలింది, ప్రిన్సెస్ షార్లెట్‌ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం వాళ్లకి దక్కలేదు.

చూశారా, గెలిపించేది మనుషులే, నక్షా కాదు అని రాయబోయాను. కానీ అక్కడి నీళ్లు లోతు తక్కువ. పెద్ద ఓడ దగ్గరికి రాలేక దూరం నుంచే కాల్చింది. చిన్నదని ఎవరూ లెక్కచెయ్యని కొలతలే ఆ పూట కాపాడాయి. ఆ కొలతలు లిండ్‌వి కావు.

లిండ్‌కి తర్వాత సర్ బిరుదిచ్చారు. అందులో సగం స్లేడ్‌కి చెందాలి. ఆయన 1771లోనే పోయాడు, సెంచూరియన్ నీళ్లలోకి దిగకముందే.