పాత తీగ, కొత్త తీగ: డయలప్ దాటిన రెండు దారులు

2004 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. సెకనుకు కనీసం 256 కిలోబిట్లు అందితేనే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలని అందులో గీత గీసింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ వారి బ్రాడ్‌బ్యాండ్ సేవ డేటావన్ మొదలైంది. అంతవరకూ డయలప్‌తో నెట్టుకొచ్చిన తెలుగు పట్టణాల ఇళ్ల ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి, ఉన్న ల్యాండ్‌లైన్ మీదే నడిచే ఏడీఎస్‌ఎల్. రెండోది, కేబుల్ టీవీ ఆపరేటరో, పేటలో నెట్ సెంటరు పెట్టినాయనో డాబాల మీదుగా లాక్కొచ్చి ఇచ్చే ఈథర్‌నెట్ తీగ. మొదటిది పాత తీగకే కొత్త పని చెప్పింది, రెండోది పాత తీగను వదిలేసి కొత్తది వేసింది.

అప్పట్లో ఈ రెండింటినీ బేరీజు వేసినవాళ్లు నెల అద్దె ఎంత, స్పీడెంత అన్న రెండు అంకెలే చూశారు. ఆ అంకెలు రెండూ త్వరలోనే మారిపోయాయి. వాటికంటే ఎక్కువకాలం నిలిచింది ఇంటిదాకా వచ్చిన తీగ, గోడలో వేసిన తీగ. కాబట్టి ఆ రెండు దారులను మళ్లీ పక్కపక్కన పెట్టి చూడాలంటే కొలతలు వేరే కావాలి. తీగ ఎంత మోయగలదు? పెట్టె ఏ పని చేస్తుంది? చెడితే ఎవరు వస్తారు? ఈ మూడూ చాలు.

డయలప్ ఎక్కడ ఆగింది

ముందు డయలప్ జబ్బేమిటో తేల్చుకోవాలి. ఫోన్ వ్యవస్థ మాట కోసం కట్టింది. 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉండే గొంతును మాత్రమే అది వింటుంది. డిజిటల్ ఎక్స్ఛేంజిలో ఆ గొంతును సెకనుకు 8,000 సార్లు, ఒక్కోసారి 8 బిట్లతో కొలుస్తారు. అంటే ఎంత గింజుకున్నా 64 కిలోబిట్లకు మించి అందులో పట్టవు. 1998లో వచ్చిన వి.90 మోడెమ్ 56 కిలోబిట్లు దింపుకోగలిగి, దాదాపు ఆ కప్పును తాకింది. పైకి పంపేటప్పుడు మాత్రం 33.6 దగ్గరే ఆగింది. మన లైన్ల మీద నలభై వస్తే ఆ రోజు మంచి రోజు. నలభై అంటే 5 మెగాబైట్ల పాట ఒకటి దిగడానికి సుమారు పదిహేడు నిమిషాలు. ఈలోగా పక్కగదిలో ఎవరైనా రిసీవరు ఎత్తితే మళ్లీ మొదటికి. అదే పాట 256 కిలోబిట్ల మీద మూడు నిమిషాల్లోపే దిగుతుంది.

స్పీడు కోసం పాత మోడెమ్ తీసేసి ఇంకో కంపెనీ మోడెమ్ కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అడ్డు మోడెమ్‌లో లేదు, రాగి తీగలోనూ లేదు. ఎక్స్ఛేంజిలో మాటకు పెట్టిన హద్దులో ఉంది. ఈ సంగతి పట్టుకున్నాకే మొదటి దారి బలం అర్థమవుతుంది.

మొదటి దారి: పాత రాగి మీద ఏడీఎస్‌ఎల్

ఏడీఎస్‌ఎల్ ఆ హద్దును పక్కన పెట్టింది. మాటను కింద దాని చోట ఉండనిచ్చి, పైన సుమారు 25 కిలోహెర్ట్జ్ నుంచి 1.1 మెగాహెర్ట్జ్ దాకా ఖాళీగా పడివున్న జాగాను డేటాకు వాడుకుంది. ఎక్స్ఛేంజిలో డీస్లామ్ అనే యంత్రం, ఇంట్లో కొత్త మోడెమ్, ఫోన్ తీగ ఇంట్లోకి వచ్చి కలిసే రోజెట్ పెట్టె దగ్గర, మాటనూ డేటానూ విడదీసే చిన్న స్ప్లిటర్. తీగ మాత్రం అదే. ఎక్స్ఛేంజికి దగ్గరున్న మంచి లైను మీద ఈ పద్ధతి 8 మెగాబిట్ల దాకా మోయగలదు. అంటే 2005లో 256 దగ్గర ఆపింది తీగ కాదు, ప్లాను.

చాలా ఇళ్లలో పొరపాటు అంచనా ఇక్కడే జరిగింది. 256 బాగానే వస్తోంది కాబట్టి లైను బాగున్నట్టే అనుకున్నారు. 2007లో అదే కనెక్షన్లకు 2 మెగాబిట్లు తెరిచేసరికి లైనులోని లోపాలు బయటపడ్డాయి. ఎక్కువ పౌనఃపున్యాలు దూరంతో త్వరగా నీరసిస్తాయి. నాలుగైదు కిలోమీటర్లు దాటిన ఇళ్లకు ఎటూ కష్టమే. దగ్గరున్న ఇళ్లలో కూడా దెబ్బ కొట్టినవి అతుకులు. రోజెట్ మూత విప్పితే లోపల చిలుము పట్టిన మరలు, టేపు చుట్టిన రెండు మూడు అతుకులు, అక్కణ్నుంచి వంటింటి ఫోనుకు ఒక పాయ, పడగ్గది ఫోనుకు ఇంకో పాయ. మాటకు ఇవేవీ అడ్డు రావు. ఏడీఎస్‌ఎల్‌కు మాత్రం స్ప్లిటర్ లేకుండా పోయే ప్రతి పాయా సిగ్నల్‌ను మింగే గొయ్యే. ఫోను మోగినప్పుడల్లా నెట్ పోతోందంటే మోడెమ్ మార్చనక్కర్లేదు. పారలల్ ఫోన్లన్నీ స్ప్లిటర్‌లో ఫోన్ అని రాసున్న రంధ్రం తర్వాతే ఉన్నాయా అని చూస్తే చాలు.

ఇంకో మెళకువ ఉంది. కంప్యూటర్ ఉన్న గదిలోనే మోడెమ్ ఉండాలని, హాల్లోని రోజెట్ నుంచి గుమ్మాల అంచుల మీదుగా పల్చటి టెలిఫోన్ తీగ లాగించుకునేవారు. ఆ తీగలో మెలిక ఉండదు, చుట్టూ ఉన్న కరెంటు తీగల రొదనంతా పట్టుకుంటుంది. మోడెమ్‌ను రోజెట్ పక్కనే పెట్టి, అక్కణ్నుంచి గదికి ఈథర్‌నెట్ తీగ లాగితే ఆ బాధ లేదు. ఈథర్‌నెట్ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా పోతుంది. అయ్యే తీగ పొడవు ఒకటే, వచ్చే ఫలితం వేరు.

రెండో దారి: డాబాల మీద ఈథర్‌నెట్

హైదరాబాద్‌లో బీమ్ టెలికాం ఈథర్‌నెట్ దారిలోనే పెరిగి, తర్వాత యాక్ట్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. చిన్న ఊళ్లలో అదే పని పేటకో ఆపరేటర్ చేశాడు. ఈ దారిలో ఇంట్లో మోడెమ్ అక్కర్లేదు. తీగ నేరుగా కంప్యూటర్ ల్యాన్ కార్డులోకి వస్తుంది. స్ప్లిటర్ లేదు, ల్యాండ్‌లైన్ ఉండాలన్న షరతు లేదు. తీగ సత్తా 100 మెగాబిట్లు. కాగితం మీద చూస్తే ఏడీఎస్‌ఎల్ దీనికి సాటి కాదు.

డాబా ఎక్కి చూస్తే లెక్క మారుతుంది. ఈథర్‌నెట్ పరుగు 100 మీటర్లే కాబట్టి ఆ లోపు ఎక్కడో ఒకచోట స్విచ్ పెట్టాలి. ఆ స్విచ్‌కు కరెంటు కావాలి. అది ఎవరి మేడ మీద, ఎవరి మీటరు మీద ఉందో ఆ ఇంట్లో కరెంటు పోతే అవతల ఉన్న ఇళ్లన్నిటికీ నెట్ పోతుంది. మన ఇంట్లో యూపీఎస్ ఉన్నా లాభం లేదు. ఏడీఎస్‌ఎల్‌లో ఆ బెడద తక్కువ. ఎక్స్ఛేంజికి బ్యాటరీలు, జనరేటరు ఉంటాయి, దారిలో ఉండేది ఉత్త రాగి. ఇంట్లో మోడెమ్‌కు కాస్త కరెంటిస్తే చాలు, కంప్యూటర్ యూపీఎస్ దాన్ని కూడా లాగేస్తుంది. వేసవి కోతల కాలంలో ఈ ఒక్క తేడా మిగతా అన్నిటికంటే పెద్దది.

రెండో సంగతి వాతావరణం. ఇంట్లో వాడాల్సిన పీవీసీ తొడుగు తీగనే చాలామంది ఆపరేటర్లు బయట ఎండలో వేలాడదీశారు. రెండు వేసవులకు తొడుగు బీటలు వారి, వానకు నీళ్లు లోపలికి దిగేవి. నల్లటి పాలిథిన్ తొడుగున్న బయటి రకం తీగ ఉండనే ఉంది, ధర చూసి వదిలేశారు. ఇక పిడుగు. దగ్గర్లో ఎక్కడ పడినా ఆ పొడవాటి రాగిలోకి వోల్టేజీ ఎగదన్ని స్విచ్ పోర్టునో, ఇంట్లో ల్యాన్ కార్డునో కాల్చేది. కార్డు మారిస్తే పని అయిపోదు. కనెక్షన్‌ను పాత కార్డు మ్యాక్ ఐడీకి కట్టేసి ఉంచుతారు కాబట్టి, ఆపరేటర్‌కు ఫోన్ చేసి కొత్త నంబరు చదివి వినిపించాలి.

అయితే మూడో కొలతలో ఈ దారిదే పైచేయి. అప్పట్లో ల్యాండ్‌లైన్ చెడితే 198 నంబరుకు ఫిర్యాదు చేసి లైన్‌మన్ కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. పేట ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు, తీగ చివర ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూలు జేబులో పెట్టుకుని బండి మీద వచ్చేసేవాడు. మరమ్మతు పదే పదే కావాల్సిరావడం ఈ దారి లోపం, అది చేతికి అందేంత దగ్గర్లో ఉండడం దాని సుగుణం. ఏడీఎస్‌ఎల్‌కు ఈ రెండూ తిరగబడతాయి.

పెట్టెల పోటీ

ఏడీఎస్‌ఎల్ తీసుకున్నవాళ్లకు యూటీస్టార్‌కామ్, హువావే మోడెములు అందాయి. వాటిలో కొన్నిటికి యూఎస్‌బీ, ఈథర్‌నెట్ రెండు దారులూ ఉండేవి. ల్యాన్ కార్డు కొనే పని తప్పుతుందని యూఎస్‌బీ వైపు మొగ్గినవాళ్లున్నారు. ఆ మొగ్గు నిలవలేదు. యూఎస్‌బీకి సీడీలోని డ్రైవర్ కావాలి, విండోస్ మళ్లీ వేసినప్పుడల్లా ఆ సీడీ వెతకాలి, లినక్స్‌లో నానా యాతన. రియల్‌టెక్ చిప్‌తో వచ్చే చవక ల్యాన్ కార్డుకు ఈ గొడవలేవీ లేవు. డయలప్ రోజుల్లో సగం పని కంప్యూటర్ నెత్తిన రుద్దే సాఫ్ట్‌మోడెములు తెచ్చిన తలనొప్పులే యూఎస్‌బీ రూపంలో తిరిగొచ్చాయి.

ఇంతకంటే ముఖ్యమైన ఎంపిక పెట్టె లోపల ఉంది. మోడెమ్‌ను బ్రిడ్జ్‌గా నడిపితే కంప్యూటర్ తెర మీది డయలర్ నొక్కి లాగిన్ అవ్వాలి, పని అయ్యాక తెంచేయాలి. డయలప్ అలవాటున్నవాళ్లకు ఇదే సుఖంగా తోచింది. నెలకు ఇన్ని మెగాబైట్లే అని పరిమితి ఉన్న ప్లాన్లలో, తెల్లవారుజామున రెండు నుంచి ఎనిమిది దాకా ఉచితమిచ్చిన ప్లాన్లలో, కనెక్షన్ ఎప్పుడు తెరిచామో చేతిలో ఉండడం లాభమే. కానీ బ్రిడ్జ్‌లో కంప్యూటర్ నేరుగా ఇంటర్నెట్ నడిబజారులో నిలబడుతుంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు విండోస్ యంత్రాలను కుదిపేసింది సరిగ్గా అలాంటి చోటే. విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ తనంతట తాను మొదలవడం 2004లో రెండో సర్వీస్ ప్యాక్ వచ్చాక మాట. అదే మోడెమ్‌ను రౌటర్‌గా మారిస్తే బయటివాళ్లకు అది మాత్రమే కనిపిస్తుంది, వెనక ఎన్ని కంప్యూటర్లయినా పెట్టుకోవచ్చు. అందుకు 192.168.1.1 పేజీ తెరిచి వీపీఐ 0, వీసీఐ 35 అని నింపి, పీపీపీవోఈ ఎంచుకోవడమే పని. అదనపు ఖర్చు సున్నా. వాడకం పరిమితి గురించి జాగ్రత్తపడే ఇంట్లోనూ రౌటరే మేలు. అక్కర్లేనప్పుడు దాని స్విచ్ ఆపేస్తే సరిపోతుంది.

వైఫై సంగతి టూకీగా. 2003 నాటి 802.11జీ వైఫై కాగితం మీద 54 మెగాబిట్లు, చేతికొచ్చేది ఇరవై చిల్లర. 256 కిలోబిట్ల లైనుకు అది అక్కరకు మించిన వేగం. ఆ రోజుల్లో వైఫై మోడెమ్‌కు ఎక్కువ చెల్లించడం వేగం కోసం కాదు, ల్యాప్‌టాప్ సౌకర్యం కోసం. నేడు లెక్క తలకిందులైంది. లైను వందల మెగాబిట్లు తెస్తుంటే, రెండు ఇటుక గోడలు దాటిన వైఫై దాన్ని అందుకోలేకపోతోంది.

గోడలోని తీగ

రెండు దారులూ కలిసేది ఇక్కడే. ఏది ఎంచుకున్నా ఇంట్లో నడిచేది నాలుగు జంటల ఈథర్‌నెట్ తీగ. క్యాట్ 5ఇ కొనాలా, క్యాట్ 6 కొనాలా అని షాపులో తర్జనభర్జనలు పడేవారు. ఇంటి దూరాల్లో ఈ రెండూ ఒక గిగాబిట్‌ను తేలిగ్గా మోస్తాయి. అసలు తేడా ఇంకోచోట ఉంది. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగను కూడా అదే పేరుతో అమ్ముతారు. చాకుతో పోగును గీకితే లోపల వెండి రంగు కనిపిస్తుంది. చుట్ట ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంటుంది. దాని నిరోధం ఎక్కువ. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, క్రింప్ చేసిన చోట కొన్నాళ్లకు పట్టు సడలుతుంది. నకిలీ క్యాట్ 6 కంటే నికార్సయిన రాగి క్యాట్ 5ఇ ఎప్పుడూ మేలే.

తర్వాత క్రింపింగ్. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు 1, 2, 3, 6 సూదులు, అంటే నారింజ, ఆకుపచ్చ జంటలు చాలు. అందుకని కొందరు నీలం, గోధుమ జంటలను కత్తిరించి పడేశారు, ఇంకొందరు వాటితో రెండో కంప్యూటర్‌కు లైను ఇచ్చి తీగ ఆదా చేశామనుకున్నారు. ఆ రోజుకు పని జరిగింది. గిగాబిట్‌కు నాలుగు జంటలూ కావాలి. ఇప్పుడు 300 మెగాబిట్ల ఫైబర్ ప్లాను తీసుకుని, ఎంత కొట్టుకున్నా 95 దాటడం లేదని చిరాకుపడే ఇళ్లలో చాలాసార్లు బయటపడేది ఆ ఆదానే.

తీర్పు

ఎక్స్ఛేంజికి రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న పట్టణపు ఇంటికి అప్పట్లో ఏడీఎస్‌ఎల్ సరైన ఎంపిక. కరెంటు కోతల మధ్య అది నిలబడింది, ఇంట్లో అతుకులు శుభ్రం చేసుకుంటే తర్వాత పెరిగిన వేగాలకూ సరిపోయింది. బిల్డింగులోనే స్విచ్, దానికి బ్యాటరీ ఉన్న నగరపు అపార్ట్‌మెంటుకు ఈథర్‌నెట్ మెరుగు. డాబాల మీదుగా నాలుగు స్విచ్‌లు దాటి వచ్చే తీగ ఎవరికీ మంచి ఎంపిక కాదు, దాని 100 మెగాబిట్ల సత్తా స్పీడు మీటరు మీద కనిపించిన ఇళ్లు తక్కువ.

ఇంటిదాకా వచ్చే తీగగా చూస్తే రెండు దారులూ ఫైబర్ ముందు పక్కకు తప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదే ఊళ్లకు చేరాయి. ఫైబర్‌లో కరెంటు ప్రవహించదు కాబట్టి పిడుగు దాని వెంట లోపలికి రాదు. దూరం భయమూ రాగికున్నంత లేదు. అయినా ఇంటి లోపలి ప్రశ్న పాతదే. ఫైబర్ పెట్టెను తీగ దిగిన గుమ్మం పక్కన బిగించి పోతామంటారు, ఇంటి నడుమకు తెప్పించుకోవడం మన పట్టుదల మీద ఉంటుంది. 2005లో యూఎస్‌బీ మోడెమ్‌కు పెట్టిన డబ్బు మూడేళ్లలో చెత్తబుట్టకు చేరింది. అదే ఏడాది నాలుగు జంటలూ సరిగ్గా క్రింప్ చేసి గోడలో వేసిన రాగి క్యాట్ 5ఇ తీగ, 256 కిలోబిట్ల కోసం కొన్నదే అయినా, దానికి 3,900 రెట్లయిన గిగాబిట్‌ను ఈ రోజుకూ మోస్తోంది. కాబట్టి కొత్త కనెక్షన్‌కు లెక్క వేసుకునేటప్పుడు పెట్టెను అద్దెకు తీసుకోవచ్చు. బేరమాడకూడనిది తీగ దగ్గర, దాన్ని క్రింప్ చేసే చేతి దగ్గర.